గోడల్లేని యూనివర్సిటీకి రంగులేయించిన రోజులు

మొన్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఏదో ఆన్‌లైన్ యూనివర్సిటీలో, నాణ్యత విభాగంలో ఉద్యోగం వచ్చిందట. అక్కడ పనేముంటుంది మేడం అని అడిగింది. నేనూ అలాంటి చోటే కొన్నాళ్ళు పనిచేశాను.

ఒంగోలు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్ళూ నా పనేమిటో మా వీధిలో అందరికీ తెలుసు. కప్పల్ని కోసే ఎస్తేరు మేడం అనేవారు. అక్కడ రిటైరయ్యాక చేసిన ఈ రెండో ఉద్యోగం గురించి మాత్రం మా ఆయనకి కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన చుట్టాలకి తనకు తోచినట్టు చెప్పుకునేవారు. "మా ఆవిడ యూనివర్సిటీలో తప్పులు వెతుకుతుంది. దానికి వాళ్ళే జీతం ఇస్తారు" అని. ఆలోచిస్తే అంతకంటే మంచి నిర్వచనం నాకూ దొరకలేదు.

ఆ అమ్మాయికి నోటితో చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఫైళ్ళు ఎలా పెట్టాలి, నివేదిక ఎలా రాయాలి అన్నవి వదిలేశాను. అవి చేరిన వారంలో పక్క కుర్చీ వాళ్ళు నేర్పేస్తారు. వాళ్ళు నేర్పనివి కొన్ని ఉంటాయి.

అనుమతి వేరు, గ్రేడు వేరు

ముందు ఒక్క విషయం తేలిగ్గా చెబుతాను. హోటలు పెట్టాలంటే లైసెన్సు కావాలి. అది అనుమతి. హోటలు నడుస్తుండగా ఎవరో వచ్చి, వంటిల్లు చూసి, పప్పు రుచి చూసి, బాగుందో లేదో చెబుతారు. అది గ్రేడు. ఆన్‌లైన్ చదువులకి రెండూ కావాలి. అందులోనూ అనుమతి యూనివర్సిటీకి మొత్తంగా ఒకసారి ఇచ్చేసేది కాదు. ఏ కోర్సుకి ఆ కోర్సుకి విడిగా ఢిల్లీ నుంచి తెచ్చుకోవాలి. ప్రయోగశాల ఉండాల్సిన చదువులకి ఆన్‌లైన్‌లో అనుమతి రావడం మహా కష్టం.

ఈ చిన్న ముక్క మా ఛైర్మన్ గారికి ఎక్కించడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆయన్ని సాంబయ్య గారంటాను. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది ఆయనకి. గుంటూరు మిర్చి యార్డులో పెద్ద పేరు. ఆ కోల్డ్ స్టోరేజీ ఆవరణలోనే పక్కన మూడంతస్తుల బిల్డింగు కట్టి, అందులో కంప్యూటర్లు, కెమెరాలు పెట్టి యూనివర్సిటీ నడిపేవారు. మంచి మనిషి. తాను పదో తరగతి దాటలేదని, ఊళ్ళో ఆడపిల్లలూ పనులకి వెళ్ళేవాళ్ళూ ఇంట్లో కూర్చుని డిగ్రీ చదువుకోవాలని ఆయన కోరిక. ఆ కోరిక నిజమైనదే. తొందర కూడా నిజమైనదే.

యూనివర్సిటీకి లైసెన్సు వచ్చింది కదా, ఇంక బండిలో ఎవరిని ఎక్కించుకుంటే ఏమిటి అనేవారు. మోటారు సైకిలు లైసెన్సుతో లారీ నడపకూడదు కదండీ అని నేననేదాన్ని. ఆయన పగలబడి నవ్వేవారు. నవ్వించడం సులువే, వినేలా చేయడమే కష్టం. మీకు దొరికే యజమానులు కూడా చాలామంది ఇలాగే ఉంటారు. దుర్మార్గులు అరుదుగా తగులుతారు. తొందరగాళ్ళు రోజూ తగులుతారు.

పెరుగన్నం దాకా సాగే సమావేశం

యూనివర్సిటీకి పాలకమండలి ఉండాలి. పెద్ద నిర్ణయాలన్నీ అక్కడ చర్చించి తీసుకోవాలి. మా పాలకమండలిలో సాంబయ్య గారు, ఆయన భార్య అనసూయమ్మ గారు, ఆయన బావమరిది, ఆయన ఆడిటరు, రిజిస్ట్రారు మూర్తి గారు ఉండేవారు. సమావేశాలు సాంబయ్య గారి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర. పప్పు వడ్డిస్తుండగా మొదలై పెరుగన్నం దగ్గర ముగిసేవి. గోంగూర పచ్చడి గురించి జరిగినంత చర్చ పాఠ్యప్రణాళిక గురించి జరగలేదు.

నేను మండలిలో సభ్యురాలిని కాను. పిలిచినప్పుడు వెళ్ళి నా నివేదిక చదివేదాన్ని. అనసూయమ్మ గారు నా విస్తట్లో ఏం తగ్గిందో చూసేవారు గానీ, నివేదికలో ఏముందో ఎవరూ చూసేవారు కాదు. మూర్తి గారు ముందే టైపు చేయించి తెచ్చిన తీర్మానాల మీద అందరూ సంతకాలు పెట్టేవారు, అంటే చర్చ జరగకముందే ఏం చర్చించామో ఆయనకి తెలుసన్నమాట.

మూర్తి గారి గురించి ఒక మాట. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ముప్ఫై రకాల తనిఖీలు చూసి, ఏ బృందానికి ఏ స్వీటు ఇష్టమో కంఠతా వచ్చిన మనిషి. అబద్ధం ఆడరు. అడగనిదానికి జవాబు చెప్పరు. ఆ రెండింటి మధ్య ఎంత చోటుందో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

అలాంటి ఒక భోజనంలోనే ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ కోర్సు పుట్టింది. అది సాంబయ్య గారి ముద్దుబిడ్డ. మిర్చి నాణ్యత, నిల్వ, రంగు, ఘాటు, ఇవన్నీ శాస్త్రంగా మన పిల్లలకి నేర్పాలని ఆయన ఆశ. అనుమతికి దరఖాస్తు పెట్టారు. జవాబు రాకముందే పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇది తప్పని నేను రాసిచ్చాను, నోటితోనూ చెప్పాను. బస్సు కదిలాక కండక్టరు వచ్చి టికెట్టు కొడతాడు కదా, అదీ అంతే అన్నారాయన. తనిఖీ వస్తే ఫైను మీకు పడదు, ఎక్కిన పిల్లలకి పడుతుంది అన్నాను. అనసూయమ్మ గారు ఒక్క క్షణం గరిటె ఆపి నా వైపు చూశారు. అంతలో ఎవరో నెయ్యి అడిగారు.

గోడ మీద రెండో వ్యక్తి

అన్నీ ఇలాంటి బరువు సంగతులే అనుకోకండి. నవ్వుకున్న రోజులే ఎక్కువ.

మా పరీక్షలు కూడా ఆన్‌లైనే. పిల్లలు ఇంట్లో కూర్చుని రాస్తుంటే కంప్యూటరు వాళ్ళ కెమెరాలోంచి చూస్తూ ఉంటుంది. గదిలో ఇంకో మనిషి ఉంటే గంట కొడుతుంది. ఒకసారి పరీక్షల్లో గంటలు ఆగకుండా మోగాయి. గదిలో రెండో వ్యక్తి, రెండో వ్యక్తి అంటూ హెచ్చరికలు. మూర్తి గారు కంగారుపడి అందరి ఫలితాలూ ఆపేస్తానన్నారు. నేను వీడియోలు పెట్టించి చూశాను. కొందరిళ్ళలో గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. మా క్రైస్తవుల ఇళ్ళలో ఏసుప్రభువు పటం. కంప్యూటరుకి ముఖమంటే ముఖమే కదా. ఒక కుర్రాడి వెనక ఏకంగా వాళ్ళ నాయనమ్మ నిలువెత్తు ఫోటో, దండతో సహా.

ఫలితాలు ఆపాలంటే ముందు దేవుడు జవాబులు అందించాడని రుజువు చేయండి అని మూర్తి గారితో అన్నాను. ఆయన చాలాసేపు నియమాల పుస్తకం తిరగేసి, రుజువు చేయలేమని ఒప్పుకున్నారు.

దీంట్లో నేర్చుకోవాల్సింది ఒకటుంది. తెర మీద హెచ్చరిక కనపడగానే దాన్ని సాక్ష్యం అనుకోకండి. లేచి వెళ్ళి, ఆ గదిలో ఏముందో కళ్ళతో చూడండి. తెర మీద అంతా పచ్చగా ఉన్నప్పుడు కూడా అదే పని చేయండి.

విద్యార్థి వచ్చింది

ఒక రోజు పొద్దున్నే గేటు దగ్గర సెక్యూరిటీ వెంకటేశ్వర్లు ఎవరితోనో వాదిస్తున్నాడు. కొరియరైతే ఇక్కడ ఇచ్చేయమంటాడు. మిర్చి రైతైతే పక్క గేటుకి వెళ్ళమంటాడు. ఆమె రెండూ కాదంటోంది. చివరికి "నేను ఇక్కడ చదువుకుంటున్నానండి" అంది.

వెంకటేశ్వర్లు ఉద్యోగంలో చేరాక అలాంటి మాట వినడం అదే మొదటిసారి. పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చి, మేడం, స్టూడెంటు వచ్చింది అన్నాడు. ఆఫీసులో సగం మంది లేచి బయటికి వచ్చారు. వేల మంది పిల్లలున్న యూనివర్సిటీ మాది, ఒక్కరు కూడా గడప తొక్కలేదు. ఆమెని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. మా బిల్డింగులో విద్యార్థి కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. అకౌంట్స్ సెక్షన్ లోంచి ఒకటి లాక్కొచ్చి వేశారు. ఒకరు కాఫీ తెచ్చారు, ఇంకొకరు ఫ్యాను ఆమె వైపు తిప్పారు. సాంబయ్య గారు పై నుంచి దిగివచ్చి, ఎంత సంబరపడ్డారంటే, ఎందుకొచ్చావమ్మా అని అడగకముందే పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. అది వచ్చే ఏడాది ప్రకటనలో వేద్దామని మూర్తి గారితో అన్నారు.

ఆమె పేరు నాగమణి. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో, పప్పు ఏరే సెక్షన్ కి సూపర్‌వైజరు. పెళ్ళై ఒక పాప ఉంది. ఫోటో అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడు సాంబయ్య గారి వైపు తిరిగింది.

"నేను ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నానండి. దానికి అనుమతి ఉందా అండి, లేదా అండి?"

"వస్తుందమ్మా" అన్నారు సాంబయ్య గారు.

"వస్తుందంటే, ఇప్పుడు లేదనే కదండీ."

సాంబయ్య గారు మేడం అంతా చెబుతారమ్మా అని నన్ను చూపించి పైకి వెళ్ళిపోయారు.

నా గదిలో కూర్చోబెట్టి వివరాలు అడిగాను. ఒంగోల్లో ఒక ఆహార పదార్థాల కంపెనీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగానికి పిలిచారట. మాటలన్నీ బాగానే జరిగాయి. కోర్సు పేరు వెతికి చూసి, అనుమతి ఉన్నవాటిలో ఇది కనపడటం లేదమ్మా, తేల్చుకుని రా అన్నారట. అందుకే చీరాల్లో పొద్దున బండెక్కి వచ్చింది. పని నుంచి వచ్చాక రోజూ డాబా మీద కూర్చుని ఫోన్లో మా పాఠాలు వినేదట. అంతసేపు ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందా అని ఎదురింటావిడ అత్తగారికి చాడీ కూడా చెప్పిందట. అత్తగారు డాబా ఎక్కి చూస్తే, ఫోన్లో బట్టతల మేష్టారు పిండిపదార్థాల గురించి చెబుతున్నాడు. అది చెప్పేటప్పుడు తను నవ్వింది, నేనూ నవ్వాను.

తరవాత ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అనుమతి లేదు, అడిగారు గానీ రాలేదు, వచ్చేట్టు కూడా నాకు కనపడటం లేదు అని. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కాఫీ గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"అయితే ఇక్కడ అందరికీ తెలుసన్నమాట. చదువుకునే మాకు తప్ప" అంది.

పాలన, పారదర్శకత, జవాబుదారీతనం అని పెద్ద పెద్ద మాటలతో సదస్సుల్లో చాలా పత్రాలు విన్నాను. ఆ రోజు నాగమణి అన్న మాటలో అవన్నీ ఉన్నాయి.

విశ్రాంతి గది

ఆ సాయంత్రమే సాంబయ్య గారి దగ్గరికి వెళ్ళాను. కోర్సు ఆపేద్దాం, పిల్లలందరికీ నిజం చెబుదాం అన్నాను. ఆయన కాదనలేదు. కానీ గ్రేడు ఇచ్చే పరిశీలన బృందం రాబోతోంది, అది వెళ్ళాక చెబుదామన్నారు. ఇప్పుడు ఇది బయటపడితే గ్రేడు పోతుంది. గ్రేడు పోతే సక్రమంగా అనుమతి ఉన్న కోర్సులు చదివేవాళ్ళ గతేమిటి అన్నారు.

ఇది కొట్టిపారేసే మాట కాదు. అక్కడ వేల మంది బీకాం, బీఏ పిల్లలు ఉన్నారు. వాళ్ళ పాఠాలు బాగుండేవి, పరీక్షలు నికార్సుగా జరిగేవి. ఈ ఒక్క కోర్సు కోసం వాళ్ళందరి పడవకీ చిల్లు పెట్టాలా అని నేనూ మథనపడ్డాను. మీకూ ఈ పరిస్థితి వస్తుంది. ఒకరి కోసం అందరినీ ముంచుతారా అని అడుగుతారు. అలా అడిగినప్పుడు, ఆ చిల్లు పెట్టిందెవరో ఒకసారి గుర్తు చేసుకోండి.

చివరికి ఆయనతో ఒక మాట స్పష్టంగా చెప్పాను. బృందం అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే, వాళ్ళు వెళ్ళేలోగా నేనే చెబుతాను. మీ వెనక నుంచి చేయడం ఇష్టంలేక ముందే చెబుతున్నాను అన్నాను. ఆయన ముఖం ముడుచుకుని, మీ ఇష్టం అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకుని ఇంటికి వచ్చాను. మా ఆయన, పోతే పోనీ, వాడరేవు వెళ్ళి చేపలు కొనుక్కొద్దాం పద అన్నారు.

ఉద్యోగం పోలేదు. బృందం వచ్చే హడావిడిలో తీసేయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

మా యూనివర్సిటీ ఆన్‌లైన్‌ది. గోడలతో పనిలేదు. అయినా మూర్తి గారు గోడలన్నిటికీ రంగులేయించారు. ఒక గదిలో సోఫాలు, పూలకుండీలు పెట్టించి, గుమ్మం మీద విద్యార్థుల విశ్రాంతి గది అని బోర్డు కొట్టించారు. ఇందులో ఎవరు విశ్రాంతి తీసుకుంటారండీ అని అడిగాను. "బృందం వాళ్ళకి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా మేడం. పాపం దూరం నుంచి వస్తున్నారు" అన్నారు.

ఆ గదిలో కూర్చోవడానికి పక్కనే ఉన్న డిగ్రీ కాలేజీ నుంచి పిల్లల్ని కూడా మాట్లాడారు. నేను అడ్డం పడ్డాను. విద్యార్థులతో మాట్లాడాలంటే మన విద్యార్థులనే తెర మీద చూపిద్దాం, అద్దె పిల్లలొద్దు అన్నాను. మూర్తి గారు నొచ్చుకుని, అద్దె ఇవ్వడం లేదు మేడం, బిరియానీయే పెడుతున్నాం అన్నారు. సాంబయ్య గారు మాత్రం ఈసారి నా వైపు మాట్లాడారు. దొంగ పిల్లలొద్దు మూర్తీ అన్నారు. అక్కడే నాకు ఆయన మీద మళ్ళీ కాస్త ఆశ పుట్టింది.

తుమ్ములు

బృందం వచ్చిన వారం మిర్చి సీజను నెత్తిన ఉంది. కోల్డ్ స్టోరేజీకి లారీల మీద లారీలు టిక్కీలు దిగుతున్నాయి. మా పక్క మిర్చి బస్తాని టిక్కీ అంటాం. బృందం ఉన్నన్ని రోజులూ సరుకు ఆపించమని మూర్తి గారు బతిమాలారు. రైతు బండి వెనక్కి పంపనని సాంబయ్య గారు తెగేసి చెప్పారు.

బృందానికి పెద్ద ఒక ప్రొఫెసరమ్మ. వేరే రాష్ట్రం ఆవిడ, సన్నగా, తలంతా నెరిసి, తక్కువ మాట్లాడే మనిషి. ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కారు దిగగానే కొత్త రంగు వాసన, దాని మీద తేజ రకం మిర్చి ఘాటు కలిసి కొట్టింది. ముందు ఆవిడ తుమ్మారు, తరవాత బృందమంతా తుమ్మింది. స్వాగతం చెప్పడానికి పూలగుత్తులతో నిలబడ్డ మేము పుట్టినప్పటి నుంచీ ఆ గాలి పీల్చినవాళ్ళం కాబట్టి చెక్కు చెదరకుండా నిలబడ్డాం. మూర్తి గారు సిద్ధం చేసుకున్న ప్రసంగం తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఇరుకులో సాగింది.

కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ పక్క షెడ్డు చూపించి, అదేమిటని అడిగారు. అక్కడితో మూర్తి గారి ప్రణాళిక అంతా పోయింది. ఎందుకంటే ఆ ప్రశ్న అడిగింది సాంబయ్య గారిని. తన కోల్డ్ స్టోరేజీ గురించి ఎవరైనా అడిగితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. రండమ్మా రండి అని బృందాన్ని లోపలికి తీసుకెళ్ళారు. చలి గదులు, పేర్చిన టిక్కీలు, తేమ చూసే యంత్రం అన్నీ చూపించారు. ఒక కాయ తుంచి, రంగు చూడండి, గింజ చూడండి అన్నారు. చివర్లో మహా గర్వంగా, మా ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ పిల్లలకి ఇదే ప్రయోగశాల చేయాలని నా కోరిక అన్నారు. ఆ మాటని నేనే అనువదించాల్సి వచ్చింది. మూర్తి గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. ఘాటు వల్ల కాదు.

ప్రొఫెసరమ్మ కర్చీఫు ముక్కు మీద నుంచి తీశారు.

"ఎమ్మెస్సీనా? మీకున్న అనుమతుల్లో ఆ కోర్సు చూసిన గుర్తు లేదే" అని నన్నే అడిగారు.

సాంబయ్య గారికి ఇంగ్లీషు సరిగా రాకపోయినా, ఏం జరిగిందో నా ముఖంలో అర్థమైంది. ఆయన చేతిలో సగం తుంచిన కాయ అలాగే ఉంది. "అనుమతి లేదండి. పిల్లలు మాత్రం చదువుతున్నారు" అని చెప్పాను.

మధ్యాహ్నం పాలకమండలితో ముఖాముఖి. ఆ కోర్సు గురించి ఏ సమావేశంలో చర్చించారు, ఎవరేమన్నారు అని ఆవిడ ఒక్కొక్కరినీ అడిగారు. బావమరిది గారు గుర్తులేదన్నారు. ఆడిటరు గారు తీర్మానం చూడాలన్నారు. అనసూయమ్మ గారి వంతు వచ్చింది. ఆవిడ తెలుగులో చెబుతుంటే నేను అనువదించాను.

"మా ఇంట్లోనేనమ్మా. భోజనాల దగ్గర. ఎస్తేరమ్మ గారు వద్దన్నారు. నేను విన్నాను. కానీ సంతకం పెట్టమన్నారు, పెట్టాను. నేను దేనికి సభ్యురాలినో నాకు ఈ రోజే అర్థమైంది."

ప్రొఫెసరమ్మ రాసుకోవడం ఆపి, ఆవిడ వంక కాసేపు చూశారు. ఆ రోజు మొత్తంలో మా యూనివర్సిటీ గురించి ఆవిడకి మంచి అభిప్రాయం కలిగిన క్షణం అదొక్కటేనని నా నమ్మకం.

పై కాయ, అడుగు కాయ

మర్నాడు సాంబయ్య గారు పిలిపించారు. తనని పరాయివాళ్ళ ముందు దోషిలా నిలబెట్టానన్నారు. గొంతు పెంచలేదు, అదే కష్టంగా అనిపించింది. నేను వాదించకుండా ఒక్కటే అడిగాను. యార్డులో మీ టిక్కీని విప్పి చూడకుండానే కొంటారట, నిజమేనా అని. నిజమే అన్నారు. పైన నిగనిగలాడే కాయ పేర్చి అడుగున రంగు పోయిన తాలు కాయ కూరేవాళ్ళున్నారు కదా, వాళ్ళనేమంటారు అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తరవాత, ఆ కోర్సు పిల్లలందరితో ఒకేసారి మాట్లాడే ఏర్పాటు చేయగలరా మేడం అని అడిగారు. రిజిస్ట్రారు చేత చెప్పిద్దామా అంటే, వద్దు, చేర్చుకుంది నేను అన్నారు.

అలా సాంబయ్య గారు తన విద్యార్థుల్ని అందరినీ ఒకచోట మొదటిసారి చూశారు. తెర మీద చిన్న చిన్న గళ్ళలో ముఖాలు. ఒకాయన లారీ క్యాబిన్ లో ఉన్నాడు, ఒకావిడ పొయ్యి దగ్గర. అనుమతి లేని కోర్సులో చేర్చుకున్నాను, తప్పు నాది, కట్టిన ఫీజు అంతా వెనక్కి ఇస్తాను అని ఆయన చెప్పారు. వాళ్ళు ఊరుకోలేదు. ఏరు పారినట్టు తిట్టారు. మూర్తి గారు మెల్లగా మైకులు కట్టేయబోతే సాంబయ్య గారు చెయ్యి పట్టుకుని ఆపారు. అందరి తిట్లూ అయ్యేదాకా కూర్చున్నారు. యాజమాన్యం గురించి నేను చూసిన పాఠాల్లో అది మంచి పాఠం.

నాగమణి గురించి అందరూ అడుగుతారు. ఆ ఒంగోలు ఉద్యోగం ఆమెకి రాలేదు. అనుమతి ఉన్న ఇంకో యూనివర్సిటీలో, వేరే కోర్సులో మొదటి నుంచి చేరింది. నేను ఫోన్ చేస్తే, మీరు నిజం చెప్పారని అందరూ మెచ్చుకుంటున్నారండి అంది. ఆ వెంటనే, "నా కాలం మాత్రం పోయింది కదండీ" అంది. ఈ ఉద్యోగంలో థాంక్స్ కోసం చూడకండి. మీరు పని బాగా చేస్తే పిల్లలకి మీ పేరే తెలియదు. తెలిసిందంటే అప్పటికే ఏదో చెడిపోయి ఉంటుంది.

మాకు చిన్న గ్రేడే వచ్చింది. యూనివర్సిటీ మునగలేదు. బీకాం, బీఏ పిల్లల పాఠాలు బాగున్నాయని బృందం రాసింది. పాలకమండలిలో ఇంటివాళ్ళని తగ్గించి బయటివాళ్ళని, చదువుకునే పిల్లల తరఫున ఒకరిని పెట్టాలని గట్టిగా రాసింది. అనసూయమ్మ గారు మాత్రం ఉండిపోయారు. ఇప్పుడావిడ ప్రతి కాగితం చదివి, అర్థం కాని చోట గీత గీసి తెస్తారట. మూర్తి గారికి ఆవిడంటే హడలు.

నేను రెండోసారి రిటైరయ్యాక, ఒక మధ్యాహ్నం సాంబయ్య గారు ఫోన్ చేశారు. గొంతులో దిగులు. డ్రోన్లతో పొలాలకి మందు కొట్టడం మీద కొత్త కోర్సు పెట్టాలని మండలిలో ప్రతిపాదించారట. సమావేశం ఇప్పుడు ఆఫీసులోనే, భోజనాలు లేకుండా. మూడు గంటలు చర్చించి, ఓటింగు పెట్టి, వద్దన్నారట.

"నా బిల్డింగు, నా కుర్చీలు, నా కాఫీ. నా మాట మాత్రం నెగ్గలేదు మేడం. మా ఆవిడ కూడా అటే చెయ్యెత్తింది" అన్నారు.

"అభినందనలండీ. ఇన్నాళ్ళకి మీది యూనివర్సిటీ అయింది" అన్నాను.

ఆయన నెమ్మదిగా, పోనీ వచ్చే సమావేశంలో మళ్ళీ పెట్టొచ్చంటారా అని అడిగారు. నిక్షేపంగా పెట్టండి, ముందు అనసూయమ్మ గారిని ఒప్పించుకోండి అన్నాను. అంతకంటే ఢిల్లీ వెళ్ళి అనుమతి తేవడమే సులువు మేడం అని ఫోన్ పెట్టేశారు.